తాడు జరిగిన వేసవి

"తాడు దానంతటది జరగదు కదా తాతయ్యా," అన్నాను పెనం మీద గుడ్లు తిరగేస్తూ.

"గాలికి జరిగి ఉంటుంది," అన్నారాయన, కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండా.

"గాలికి తాడు ఊగుతుంది. అంతేగానీ మేకులు పైకి లేచి, నాలుగడుగులు లోపలికి నడిచి, మళ్ళీ నేలలో దిగబడవు."

"అయోవా గాలి సంగతి నీకు తెలీదమ్మాయ్. నా పెళ్ళయిన ఏడు మా కోళ్ళగూటిని అలాగే ఎత్తుకుపోయింది."

"ఎత్తుకుపోయి సరిగ్గా మీ గడ్డి కోసే మోవర్ వెడల్పంత దూరంలో దించిందా?"

మా ఆయన వెర్లిన్‌కు పొలమారింది. నేను చూసిన చూపుకు నవ్వు దిగమింగి, టోపీ అందుకున్నాడు. "నన్ను మధ్యలోకి లాగకండి. సోయా విత్తడం ఇంకా సగం కూడా కాలేదు," అంటూ గుడ్లు తినకుండానే బయటపడ్డాడు. తండ్రికీ పెళ్ళానికీ మధ్య ఎప్పుడు లేచి వెళ్ళాలో తెలిసిన మగవాడు.

మూడు వారాలుగా ఇదే వరస. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి మా మామగారు ఆర్విడ్ గడ్డి కోస్తారు. మర్నాడు వెళ్ళి చూస్తే నేను కట్టిన తాడు నాలుగడుగులు లోపలికి వచ్చి ఉంటుంది. ఆయన తాడు దాటరు. ఇచ్చిన మాట తప్పని మనిషి. తాడే ఆయనకు దారిస్తుంది.

పిల్లలు పుట్టాక ఆయన ఇంట్లో అందరికీ తాతయ్య అయిపోయారు. మా అమ్మాయిలిద్దరూ చదువులకని వెళ్ళిపోయినా ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఆ ఏడు ఆయనకు ఎనభై రెండు. విత్తడం, మందు కొట్టడం, కోతలు, గింజల లారీ తోలడం, ఒక్కొక్కటిగా అన్నీ వెర్లిన్ చేతికి వచ్చేశాయి. మా వైపు ముసలి రైతుకు ఆఖరున మిగిలే పని ఒక్కటే, ఇంటి చుట్టూ గడ్డి కోయడం. మా తాతయ్య దాన్ని పనిలా చేసేవారు కాదు. ఎదురింటి లైల్ తన కంచె తిన్నగా ఉందో లేదో మా గడ్డిలో చారలు చూసి సరిచూసుకునేవాడు. అందులోనూ ఇంటికీ రోడ్డుకూ మధ్యనున్న ముప్పావు ఎకరం ఆయనకు ప్రాణం. పొడుగ్గా, చదునుగా, అడ్డం లేకుండా ఉంటుంది. దారినపోయేవాళ్ళంతా చూస్తారు.

నేను తీసుకున్నది ఆ ముప్పావు ఎకరాన్నే.

పాత రైలుకట్ట మీద దిక్సూచి మొక్కలు నాలుగైదు మిగిలి ఉన్నాయి. నాగలి తగలని నేల కదా, అందుకని బతికాయి. మనిషిని మించి ఎదుగుతాయి. చివర పసుపు పూలు, వాటినిండా తేనెటీగలు, పూలు ఎండాక గింజల కోసం పసుపు పిచ్చుకలు. ఆకులు అంచులను ఉత్తర దక్షిణాలకు తిప్పుకుని నిలబడతాయి. ఆ కట్టను చదును చేసి పొలంలో కలిపేస్తారని నేను పనిచేసే బడి వంటగదిలో ఎవరో అంటుంటే విన్నాను. ఆ సాయంత్రమే ఒక కాగితం సంచి పట్టుకుని వెళ్ళి గింజలు దులుపుకొచ్చాను. వాటికి చలి చూపిస్తేగానీ మొలవవట. చలికాలమంతా తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టాను. వెర్లిన్ ఒకరోజు అది బెల్లప్పొడి అనుకుని ఓట్స్ జావలో రెండు చెంచాలు కలుపుకున్నాడు. దిక్సూచి ఏమైనా కడుపులో మొలిచిందేమో గానీ, ఆ వారమంతా నాతో ఉత్తర ధ్రువంలా చల్లగానే ఉన్నాడు.

ఏమి మొక్కలో తాతయ్య అడగలేదు. నేనూ చెప్పలేదు. "పూలమొక్కలు" అన్నానంతే. మే నెల మొదట్లో గింజలు చల్లి, చుట్టూ తాడు కట్టి, తెల్లగుడ్డ పీలికలు వేలాడదీసి, "ఈ లోపల ఇక కోయకూడదు తాతయ్యా," అని చెప్పాను.

"అలాగే," అన్నారు.

జూన్ కల్లా తాడు జరగడం మానేసింది. గొడవ తీరిందని సంతోషించాను. తీరింది గొడవ కాదని మార్లిస్ వచ్చిన ఆదివారం తెలిసింది.

మార్లిస్ మా ఆడపడుచు. టౌన్‌లో ఉంటుంది. చర్చి అయ్యాక పళ్ళెం నిండా నిమ్మకాయ మిఠాయి బిళ్ళలూ, వాటి మీద ఒక రంగుల కాగితమూ పెట్టుకుని వచ్చింది. పెద్దవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళట. కింది అంతస్తులో ఒక గది సెప్టెంబరులో ఖాళీ అవుతుందట.

"కిటికీలోంచి పార్కు కనబడుతుంది నాన్నా. బుధవారం బుధవారం పేకాట. నీ ఈడువాళ్ళే అందరూ. పేరు రాయించమంటావా?"

"నాకెందుకే అవన్నీ," అన్నారు తాతయ్య.

మార్లిస్ ఏమీ అనుకోలేదు. అనుకోవలసిందీ లేదు. మా వైపు ఏ మాటైనా మూడుసార్లు అడగాలి. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం ఆలోచిస్తున్నానని చెప్పడం. అసలు జవాబు మూడోసారికి వస్తుంది. ఇంకో ముక్క మిఠాయి వడ్డించడానికైనా, పిల్లనివ్వడానికైనా ఇదే లెక్క. మొదటిసారికే సరేనన్నవాణ్ణి పైఊరివాడనుకుంటాం.

ఆమె వెళ్ళాక గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూశాను. తాతయ్య షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇదివరకు కోత మధ్యాహ్నం భోజనం దాకా సాగేది. ఇప్పుడు పదింటికే అయిపోతోంది. ఆ తర్వాత మోవర్ కడుగుతారు. తుడుస్తారు. మళ్ళీ కడుగుతారు. ఇప్పుడు ఒళ్ళో ఆ రంగుల కాగితం పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పట్టుకుని చదువుతున్నారు.

"మీ నాన్న నిజంగా వెళ్ళిపోతారా?" అని అడిగాను వెర్లిన్‌ని.

"ఇక్కడ నాకు కోయడానికేం మిగిలింది, అన్నాడు మొన్న." వెర్లిన్ పళ్ళెం తుడిచి బల్ల మీద పెట్టాడు. "నీ మీద కోపంతో కాదు డార్లా. ఉన్నమాట అన్నాడు, అంతే."

కోపంతో అనుంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

పోనీ ఆ తాడు లోపల ఏమైనా గొప్పగా పెరుగుతోందా అంటే అదీ లేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జూలై వచ్చేసరికి నడుమెత్తు కలుపు. నక్కతోక గడ్డి, తుమ్ములు తెప్పించే పిచ్చిమొక్క, ఒక మూల ఎక్కడినుంచో గుమ్మడి తీగ. దిక్సూచి మొక్క ఒక్కటీ కనబడలేదు.

లైల్ దారినపోతూ పికప్ బండి ఆపి అద్దం దించాడు. "డార్లా! ఆవుల్ని ఎప్పుడు తోలిస్తున్నావ్?"

"నీ మందనే తోలుకురా. నువ్వూ వచ్చి మెయ్యి."

"పూలన్నావుగా మరి. ఏవీ?"

"తొందరపడకు లైల్."

"ఆహా. నేనేమీ అనడం లేదు. కొత్తగా ఉంది." మా ఊళ్ళో ఒకదాన్ని చూసి కొత్తగా ఉందన్నారంటే ఇక దాని గురించి మంచిగా చెప్పడానికి ఏమీ దొరకలేదని అర్థం.

తాతయ్య ఆ మాట కూడా అనలేదు. వరండాలో నిలబడి ఆ కలుపు వైపు చూసి, మొహం తిప్పుకుని, లోపలికి వెళ్ళిపోయేవారు. జూలై నాలుగున మార్లిస్ రెండోసారి అడిగింది. "చూద్దాంలే, నన్నెవరు భరిస్తారక్కడ," అన్నారాయన. రెండోసారి కూడా అయిపోయింది.

ఆ మర్నాడు కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అడవిపూల సంగతి చూసే పెట్రా అనే ఆవిడ వచ్చింది. ఎండకు కందిన మొహం, మోకాళ్ళ దగ్గర మాసిపోయిన ప్యాంటు. కలుపు ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎన్నిసార్లు కోశారు?"

"అసలు కోయలేదండీ. ఒక్కసారి కూడా!" అన్నాను గర్వంగా. "తాడు కట్టి మరీ ఆపాను."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ ఆగలేదు. "ఎవరు కోయొద్దన్నారు మీకు?"

ఎవరూ అనలేదు. పూలమొక్కల్ని ఎవరైనా కోస్తారా అని నాకు నేనే అనుకున్నాను.

"ఇవి మొదటి ఏడు పైకి పెరగవమ్మా, కిందికి పెరుగుతాయి," అందావిడ. "పైన ఒక్క ఆకు. దాని బలమంతా వేరులోనే. ఈ లోపల కలుపు పెరిగి ఎండ తగలకుండా చేస్తుంది. జానెడు ఎత్తున వదిలేసి, నెలకోసారి పైపైన కోసేయాలి. వచ్చే ఏడు వసంతంలో ఒకసారి కోస్తే చాలు. ఆ పైఏడు తగలబెట్టాలి."

"తగలబెట్టాలా?"

"చక్కగా. గాలి చూసుకుని. పూయడానికి అయిదారేళ్ళు పడుతుంది. కానీ ఒకసారి నిలదొక్కుకుంటే మీ మనవలకు కూడా పూస్తాయి." కారెక్కుతూ మళ్ళీ ఆగింది. "ఈ వారంలో కోయించకపోతే మాత్రం మిగలవు. కోయడం బాగా తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. పదింటికే పని అయిపోయి షెడ్డు ముందు కూర్చుని ఉన్నారు.

పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపిరొట్టె ఒక ముక్క కోసి, పళ్ళెంలో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆయనకు వండి పెడుతున్నాను. ఏదైనా అడగడానికి కాళ్ళు రాకపోవడం అదే మొదటిసారి.

"తాతయ్యా, ఆ తాడు లోపల కాస్త కోసిపెడతారా?"

ఆయన పళ్ళెం వైపు చూశారు, నా వైపు చూశారు. "నేనెందుకమ్మా. వెర్లిన్ కోస్తాడులే."

"వెర్లిన్‌కు తీరికెక్కడిది? పైగా జానెడెత్తు వదిలి కోయాలట. తన చేతికది కుదరదు. మీరైతేనే."

"నా మోవర్ అంత ఎత్తుకు లేవదు."

నేను పళ్ళెం బెంచీ మీద పెట్టాను. "నేను పొరబడ్డాను తాతయ్యా. మొదట్నించీ కోయాల్సిందట. తాడు కట్టి నేనే వాటి పీక నొక్కుతున్నాను. ఈ వారంలో కోయకపోతే చచ్చిపోతాయి. మీరు రావాలి."

ఆయన పళ్ళెం అందుకున్నారు. కాస్త తుంచి తిన్నారు. ఇంకాస్త తిన్నారు.

"కలుపులో ఏదీ బతకదని మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"డెబ్భై ఏళ్ళ నుంచి తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా. తాడు కట్టావు." పళ్ళెం నా చేతికిచ్చి లేచారు. "ఆ వెనక పాత ట్రాక్టరు మీద ఏమేం పడేశాడో వాడు, తీయించు. దాని పక్కన కోతబద్ద ఉంటుంది. రంపంలా పళ్ళున్నది. పోయిన ఏడు వాడు పాతసామాన్ల వాడికి వేసేస్తానంటే నేనే అడ్డంపడ్డా. దాని కింద చెక్కముక్కలు బిగిస్తే నీకు జానెడు కాదు, జానెడుమీద బెత్తెడు వదుల్తుంది."

రెండు రోజులు షెడ్డులోంచి ఒకటే చప్పుళ్ళు. భోజనానికి పిలిస్తే "వస్తున్నా" అని రాలేదు. కోతబద్ద పళ్ళు ఒక్కొక్కటే ఆకురాయితో నూరారు. ఒకసారి ఈల కూడా వినిపించింది. వెర్లిన్ గుమ్మంలో ఆగి, "అది నాన్నేనా?" అన్నాడు.

మూడోరోజు పొద్దున్నే తాడు నేనే విప్పాను. ట్రాక్టరు దగ్గుతూ, పొగ కక్కుతూ లోపలికి వచ్చింది. నడుమెత్తు కలుపు పక్కకు ఒరిగి పడుతూ పోయింది. కలుపు ఎంత దట్టంగా ఉన్నా ట్రాక్టరు గీత గీసినట్టే వెళ్ళింది. వెనకాల పళ్ళకర్రతో కోసిన చెత్తంతా ఎత్తిపోస్తూ నేను. రెండో చాలు సగంలో ట్రాక్టరు ఆగింది. తలెత్తి చూస్తే సీటు మీద ఆయన లేరు.

"తాతయ్యా!" పళ్ళకర్ర పారేసి పరిగెత్తాను.

నేల మీద మోకాళ్ళూనుకుని ఉన్నారాయన. "అరవకు. ఇలా రా. కూర్చో."

కూర్చున్నాను. కోసిన గడ్డి మోళ్ళ మధ్య ఒంటరిగా ఒక ఆకు. అరచేయంత ఉంటుంది. నిటారుగా నిలబడి ఉంది.

"ముట్టుకో."

ముట్టుకున్నాను. గడ్డం గీసుకోని చెంపలా గరుగ్గా ఉంది. ఆయన ఒక కన్ను మూసి, మొహం నేలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఆకు అంచు వెంట రోడ్డు వైపు చూశారు. మా రోడ్డు సరిగ్గా ఉత్తర దక్షిణాలకు తాడు పట్టి వేసిందే. ఆకు కూడా ఆ రోడ్డు పక్కనే ఇంకో చిన్న రోడ్డులా నిలబడింది.

"దీన్ని నేనెరుగుదును," అన్నారు. "బడికి రైలుపట్టాల వెంట నడిచేవాళ్ళం. దీని కాడ గిల్లితే జిగురు కారేది. ఎండకు గట్టిపడ్డాక నమిలేవాళ్ళం. ఒకసారి మా అక్క ఆల్మాకు పైపళ్ళూ కిందిపళ్ళూ అంటుకుపోయి రాత్రి దాకా నోరు తెరవలేదు. ఆరోజు ఇల్లెంత ప్రశాంతంగా ఉందో మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుంది." ఆకు మీది దుమ్ము బొటనవేలితో తుడిచారు. "నువ్వు చల్లింది ఇవని నాకు చెప్పలేదేం?"

"మీరడగలేదుగా," అన్నాను.

ఆయన నావైపు చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. తర్వాత లేవడానికి నా భుజం ఆసరా చేసుకున్నారు. అలా ఎవరి ఆసరా అయినా తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రానికి ముప్పై ఏడు ఆకులు దొరికాయి. పొలంలో గొట్టాలు పూడ్చేటప్పుడు గుర్తు పెట్టే నారింజరంగు జెండాలు ఒక్కొక్క ఆకు పక్కన గుచ్చారు. ఆగస్టులో రెండో కోతకు జెండాల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ కోశారు. ఇన్నేళ్ళ జీవితంలో ఆయన వంకరగా కోసింది అప్పుడే. లైల్ మళ్ళీ పికప్ ఆపాడు. ఈసారి నేను మాట్లాడనక్కర్లేకపోయింది. తాతయ్య ట్రాక్టరు దిగి వెళ్ళి, పికప్ కిటికీ మీద మోచేయి ఆనించి, మొదటి ఏడు మొక్కలు కిందికి ఎలా పెరుగుతాయో ముప్పావుగంట చెప్పారు. లైల్ గేరు వేసినప్పుడల్లా "ఇంకో సంగతి" అన్నారు.

ఒక మధ్యాహ్నం నన్ను రైలుకట్ట దగ్గరికి తీసుకెళ్ళారు. పాత మొక్కలు నిండుగా పూసి ఉన్నాయి. కింద పూసి ఎండిన తలల మీద పసుపు పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు లాగుతున్నాయి. ఒకటి ఎగిరితే కాడ మొత్తం ఊగింది. తాతయ్య కాడ మీది జిగురు బిళ్ళ ఒకటి గిల్లి నాకిచ్చారు, ఒకటి తను నోట్లో వేసుకున్నారు. దేవదారు వాసన వేసింది, తర్వాత ఏ రుచీ లేదు.

"ఎలా ఉంది?"

"ఇంకా నోరు తెరుచుకుంటోంది."

"అయితే ఇది పాత సరుకు," అన్నారు.

దారిలో టౌన్ గది గురించి ఆయన ఎత్తుతారేమోనని ఎదురు చూశాను. ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది నేను కాదు. రెండుసార్లు అడిగినామె వేరే ఉంది.

సెప్టెంబరు మొదటి సోమవారం అందరూ వచ్చారు. అమ్మాయిలిద్దరూ, మార్లిస్, ఆమె భర్త. పెరట్లో బల్ల వేసి, ఉడికించిన తీపి మొక్కజొన్న కంకులు పెద్ద గిన్నెలో, టమాటాలు ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టాను. మార్లిస్ చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఆ గది సంగతి. శుక్రవారం లోపల చెప్పాలట. ఏమంటావ్?"

కంకి తింటున్నవాళ్ళంతా ఆగిపోయారు. వెర్లిన్ వెన్న కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తాతయ్య మాత్రం తన కంకి మీద ఆ వరస చివరిదాకా కొరికి, నమిలి, మింగి, నాప్కిన్‌తో గడ్డం తుడుచుకున్నారు.

"ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను."

"నాన్నా, ఇది మూడోసారి."

"తెలుసు. అందుకే చెబుతున్నా." గొంతు పెంచలేదు, ఉప్పు అందించమన్నట్టే అన్నారు. "వచ్చే ఏడు వసంతంలో ఒక కోత ఉంది. ఆ పైఏడు తగలబెట్టాలి. ముప్పావు ఎకరం. గాలి ఏ పక్క నుంచి వస్తోందో తెలిసినవాడు ఒకడుండాలి కదా. వీడు" అని వెర్లిన్ వైపు గడ్డం ఎగరేసి, "ఎండుటాకుల కుప్పకే నిప్పంటించలేడు."

"అవి పూయడానికి ఆరేళ్ళు పడుతుందట," అంది మార్లిస్. ఆమెకు నవ్వు వస్తోందని తెలుస్తోంది.

"ఎనభై ఎనిమిది," అన్నారు తాతయ్య లెక్కేసుకుని. "ఫర్వాలేదు."

మార్లిస్ మరో కంకి అందుకుని, దాని చివర్లు చేతుల్తో పట్టుకుని, కొరకకుండా కాసేపు అలాగే చూసింది. తర్వాత తండ్రి పళ్ళెంలో పెట్టింది. వద్దనలేదాయన, ఒక్కసారి కూడా.

"ఇంకో మాట డార్లా," అన్నారు నా వైపు తిరిగి. "నీ తాడు మళ్ళీ కట్టేశాను. పొద్దున చూస్తే ఇంటి వైపుకు నాలుగడుగులు జరిగి ఉంది."

"నా పూల వైపు కాదా? గడ్డి వైపా?"

"గడ్డి వైపే."

"గాలికా తాతయ్యా?"

"గాలికే," అన్నారు, కంకికి వెన్న రాస్తూ.